ఒక్కో మలుపుకి ఒక్కో బోల్టు

మైకుకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాడి నోట్లో పంచదార పోయాలి. కరెంటు లేకపోయినా పనిచేసే మైకు అది. ఒకసారి మొదలైందంటే టీలో ముంచిన బిస్కెట్టు కరిగి అడుక్కి దిగిపోవాలి, వినేవాళ్ళు ఇంటికెళ్ళే సంగతి మర్చిపోవాలి. అసలు పేరుతో పెళ్ళిలో ఒకసారి పిలిచారు. ఆ తర్వాత ఆ పేరు అవసరం ఎవరికీ పడలేదు.

లారీలు బాగుచేసే షెడ్డు మామగారిది. షెడ్డు గోడని ఆనుకుని ఉన్న టీ బడ్డీ అత్తగారిది. షెడ్డులో చేసేది ఇద్దరల్లుళ్ళు. పెద్దల్లుడు మైకు. చిన్నల్లుడు నిరుడు పెళ్ళి చేసుకుని, పెళ్ళితో పాటే షెడ్డులోకీ వచ్చిపడ్డాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఉండొచ్చుగా? వాడిన ప్రతి స్పానరూ గుడ్డతో తుడిచి, తీసిన చోటే పెడతాడు. పెద్దగా మాట్లాడడు. ఏదన్నా అడిగితే కాసేపు ఆలోచించి మరీ చెప్తాడు. ఇవన్నీ తనని ఉడికించడానికే చేస్తున్నాడని మైకు గట్టి నమ్మకం. పైగా అత్తయ్య వాడికి టీ గ్లాసు నిండా పోస్తుంది, తనకి అంచుకి వేలెడు కిందే ఆపేస్తుంది. పెద్దావిడ, చెయ్యి వణుకుతుందేమోలే అని సరిపెట్టుకుందామంటే, ఆ వణుకుడు తన గ్లాసు దగ్గరే ఎందుకొస్తుందో అర్థం కాక లోపల్లోపల కుమిలిపోతున్నాడు.

ఈ కుళ్ళు ఇన్నాళ్ళూ నివురుగప్పి ఉండేది. మామయ్య పెద్ద రోడ్డు మీద కొత్త షెడ్డు కట్టించడం మొదలెట్టాక భగ్గుమంది. గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి, లారీ కింద నిలబడి పని చెయ్యడానికి గుంత కూడా తవ్వించాడు. ఇక మిగిలింది అక్కడ కూర్చునేది ఎవరన్నదే. పెద్దవాణ్ణి నేనుండగా ఇంకెవరని మైకు లెక్క. ఆ మాట మామయ్య నోట మాత్రం రాలేదు. "ఇవాళ సాయంత్రం టీ దగ్గర చెప్తాను" అన్నాడు, పొద్దున షెడ్డు తలుపు తీస్తూ.

సరిగ్గా ఆ పొద్దునే వచ్చి ఏడిసింది ఆ ఎర్ర లారీ.

వెనక ఇరుసు మధ్యలో పెద్ద ఇనప బొర్రలా ఉంటుంది చూశారూ, పళ్ళచక్రాలన్నీ నూనెలో మునిగి తిరిగేది, దాన్నే హౌసింగు అంటారు. దాని మూతిచుట్టూ వరసగా బోల్టులుంటాయి. అందులో ఒక బోల్టు ఊగులాడుతోంది, నూనె కారుతోంది. చిన్నల్లుడు కిందకి దూరి, స్పానరు పెట్టాల్సిన పని కూడా లేకుండా బోల్టుని చేత్తోనే బయటికి లాగేశాడు. దాంతోపాటు బారెడు రాగి తీగ, ఎండిపోయిన బంక పెళ్ళలు ఊడొచ్చాయి. రంధ్రంలో మరలు మచ్చుకి కూడా లేవు, నున్నగా అరిగిపోయాయి. ఎవరో మర పోయిన బోల్టుకి తీగ చుట్టి, బంక పూసి, సుత్తితో కొట్టి లోపలికి దిగేసి, పైకి మాత్రం బిగించినట్టే కనిపించేలా వదిలేశారు.

ఆ ఎవరో ఎవరనుకున్నారు? మన మైకే. కొన్నాళ్ళ క్రితం మామయ్య ఊళ్ళో లేనప్పుడు, చిన్నల్లుడు అత్తారింటి పని మీద బజారుకెళ్ళినప్పుడు, చేతికి తోచింది చేసి పంపేశాడు. అప్పటి డ్రైవరు వేరు, ఇప్పటి డ్రైవరు వేరు. ఆ ధైర్యంతోనే నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఈ లారీ ఇంతకుముందు మన దగ్గరికి వచ్చిందా?" అనడిగాడు చిన్నల్లుడు, తీగ చేత్తో పట్టుకుని.

"దీని మొహం నేనెప్పుడూ చూళ్ళేదు తమ్ముడూ" అన్నాడు మైకు. అని ఊరుకోలేదు. "ఏ దరిద్రుడు చేశాడో! ఇలాంటోళ్ళ చేతులు కట్టేసి కూర్చోబెట్టాలి" అని తనని తానే నాలుగు తిట్టుకున్నాడు. మామయ్య కూడా అవునన్నట్టు తలూపాడు.

ఆ తర్వాత చిన్నల్లుడి పని చూడాలి. రంధ్రాన్ని నిటారుగా డ్రిల్లుతో పెద్దది చేశాడు, మరలు కోసే ట్యాపు పెట్టి కొత్త మర కోశాడు, లోపలా బయటా మరలున్న ఉక్కు బుష్షు ఒకటి అందులోకి ఎక్కించాడు, దాంట్లో కొత్త బోల్టు బిగించాడు. గుడ్డతో తుడిస్తే అక్కడ రిపేరు జరిగిందని కూడా తెలీలేదు. మామయ్య వేలితో ఆ చోటు తడిమి చూసి, చిన్నల్లుడి భుజం తట్టాడు. తట్టింది వాడి భుజం, మండింది మైకు గుండె.

సాయంత్రం టీ బడ్డీ ముందు బల్లల మీద అంతా చేరారు. ఒక చివర మామయ్య, పక్కన పంక్చర్లేసే తాత, ఎదురుగా ఎర్ర లారీ డ్రైవరు. లారీ రోడ్డు వారగా నిలబడి ఉంది, టీ తాగి బయల్దేరదామని అతను కూర్చున్నాడు. చిన్నల్లుడు స్టూలు మీద కూర్చుని గోళ్ళలో గ్రీజు తీసుకుంటున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ డ్రైవరుది ఒకటే పాట. ఆ బుష్షు, ఆ బోల్టు, ఆ చెయ్యి.

"నా సర్వీసులో అలాంటి పని చూళ్ళేదయ్యా" అన్నాడు డ్రైవరు. "మర పోయిన రంధ్రాన్ని అలా కొత్తదాన్ని చేసెయ్యడం!"

మైకు గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అత్తగారు అది విని పొయ్యి మంట తగ్గించింది, ఇంకాసేపటిదాకా ఎవరూ టీ అడగరని ఆవిడకి తెలుసు.

"మంచి పనే. కాదనను" అన్నాడు మైకు, పెదాలు సాగదీసి. "తమ్ముడు కష్టపడ్డాడు. షెడ్డులో నీడపట్టున, కరెంటు డ్రిల్లుతో, కొత్త ట్యాపుతో, కొన్న బుష్షుతో, పక్కన టీతో ఎవరన్నా ఆ మాత్రం చేస్తారనుకోండి. నేనూ చేశానొకసారి. పెద్ద గొప్పేం కాదు. నా పెళ్ళికాక ముందు సంగతి, లోడు లారీతో కొండ దారెక్కుతున్నాం, నేను డ్రైవరు పక్కన కూర్చున్నా, ఇంతలో వెనకనుంచి టింగుమని చప్పుడు. దిగి చూద్దును కదా, ఇరుసు హౌసింగులో ఒక బోల్టు లేదు. రంధ్రం చూస్తే మరలన్నీ చెక్కేసినట్టు నున్నగా ఉంది. ఊరు లేదు, షెడ్డు లేదు. బాగు చేసి బండి కదిలించా. అంతే. దాని గురించి నేనెప్పుడన్నా ఎవరికన్నా చెప్పానా?"

"చెప్పలేదు" అన్నాడు తాత. "అయినా ఒక బోల్టేగా? చిన్నల్లుడు చేసిందీ అదేగా?"

ఆ "అదేగా" మైకుకి సూదిలా దిగింది.

"ఒక బోల్టు అని మొదట చెప్పా తాతా, నువ్వు పూర్తిగా వినకుండా మధ్యలో దూరితే ఎలా? ముందు జాకీ సంగతి అడుగు. లారీ ఎత్తితేగా కిందకి దూరేది! జాకీ లేదు. లోడు చూస్తే రాళ్ళు. ఏం చెయ్యాలి? అప్పుడు మా వెనక ఎవరి బండి ఆగిందో తెలుసా? సర్కసు వాళ్ళది. అందులో ఏనుగు. నేను పోయి దాని మావటిని బతిమాలా. మావటి కుదరదన్నాడు. సరే అని ఏనుగునే అడిగా. అది పాపం నా మొహం చూసి దిగొచ్చింది. వచ్చి లారీ వెనకభాగాన్ని నుదురుతో అలా పైకెత్తి పట్టుకుంది. కదిలితే ఒట్టు!"

"రాళ్ళ లోడుతోనా?" అన్నాడు డ్రైవరు.

"మరి దించుకుంటూ కూర్చోమంటావా, పొద్దుపోతుంటే? ఇప్పుడు డ్రిల్లు. కరెంటు లేదు కదా. నేనేం చేశానూ, డ్రిల్లు ములుకుని నా లారీ చక్రం నడిబొడ్డుకి గట్టిగా కట్టా. గాల్లో ఉంది కదా చక్రం. డ్రైవరుని గేరెయ్యమన్నా. చక్రం గిర్రున తిరిగింది, దాంతోపాటు డ్రిల్లు తిరిగింది. రంధ్రం అద్దంలా పడింది!"

చిన్నల్లుడు గోళ్ళు వదిలేసి తల ఎత్తాడు. ఆలోచిస్తున్నాడు. చక్రం ఇటు తిరుగుతుంటే దానికి కట్టిన డ్రిల్లు అదే ఇరుసులో ఉన్న రంధ్రం దగ్గరికి ఎలా వంగిందా అని కాబోలు. అడగలేదు.

మైకు చూపంతా మామయ్య మీదే. మామయ్య టీ ఊదుకుంటూ, "ట్యాపెక్కడిది?" అన్నాడు.

మామయ్య అడిగాడు! మైకు ఒళ్ళు పులకరించింది. "అదీ ప్రశ్నంటే! మామయ్య అనుభవం అలాంటిది మరి. ట్యాపు లేదు మామయ్యా. గట్టి ఉక్కు బోల్టొకటి తీసుకుని, కొండ రాయికేసి రాసి రాసి, పక్కల గాళ్ళు పెట్టి, నేనే ట్యాపు తయారుచేసుకున్నా."

ఇందులో కొంత నిజం లేకపోలేదు. తెలిసినవాళ్ళు బోల్టుకి గాళ్ళు కోసి అవసరానికి ట్యాపులా వాడతారు. అందుకే మామయ్య "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" అక్కడితో ఆగినా మైకు ఆ రోజుకి గట్టెక్కేవాడేమో. మామయ్య ఇంకో మాట కలిపాడు.

"మర కొయ్యడంలోనే ఉంటుంది పనితనం. పొద్దున చిన్నల్లుణ్ణి చూశారా? ముందుకి అర తిప్పు, వెనక్కి పావు తిప్పు. చెత్త తెగి పడుతూ ఉండాలి, ట్యాపు ఇరుక్కోకూడదు. చెయ్యి ఎంత నిదానం!"

అంతే. మైకు కళ్ళముందు కొత్త షెడ్డు, రేకులు, గుంతతో సహా చిన్నల్లుడి వైపు జరిగిపోతున్నట్టు కనిపించింది. నిదానమట! చేతగానివాడి తడబాటుకి కూడా పేరు పెట్టి పొగుడుతున్నారు.

"వెనక్కి తిప్పడమా?" అన్నాడు గట్టిగా. "నేను వెనక్కి తిప్పే రకం కాదు మామయ్యా. ముందుకే. పట్టుకున్నానంటే ఒకటే తిప్పుడు. ఆ రంధ్రంలోంచి చెత్త ముక్కలు ముక్కలుగా రాలేదు, ఒక్కటే చుట్టగా, సన్నగా, తళతళలాడుతూ స్ప్రింగులా బయటికి రావడం మొదలెట్టింది. తిప్పుతున్న కొద్దీ వస్తోంది. ముందు నా కాళ్ళకి చుట్టుకుంది, తర్వాత ఏనుగు కాళ్ళకి చుట్టుకుంది, అక్కణ్ణుంచి రోడ్డు దాటి లోయలోకి జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ కింద కాలనీ ఒకటుంది. ఆ తీగ పోయి పోయి వాళ్ళ ఇళ్ళ మీద పడింది. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కట్టుకున్నారు. ఇప్పటికీ వాళ్ళు బట్టలారేసుకునేది దాని మీదే!"

తాత పడీ పడీ నవ్వాడు. "తుప్పు పట్టదా ఆ తీగ?"

"నా చేత్తో తీసిన తీగకి తుప్పా?"

"ఒక్క రంధ్రంలోంచి అంత తీగ వచ్చిందంటే, హౌసింగు మిగిలిందా అసలు?" అన్నాడు డ్రైవరు. అని మళ్ళీ చిన్నల్లుడి వైపు తిరిగాడు. "ఈయనైతే ఇంత చెత్త కూడా లోపల పడనివ్వలేదు. ట్యాపుకి గ్రీజు రాసి మరీ పట్టాడు. ఒక్క రవ్వ నూనెలో పడినా పళ్ళన్నీ పోతాయట కదా?"

చిన్నల్లుడు సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ సిగ్గు చూసి మైకుకి ఇంకా ఒళ్ళు మండింది. పొగుడుతుంటే వద్దనొచ్చుగా? వద్దనడు. పోనీ గొప్పలు చెప్పుకుంటాడా అంటే చెప్పుకోడు. మనిషిని ఎక్కడ పట్టుకోవాలో తెలీదు.

"గ్రీజు రాయడానికి తీరిక ఎక్కడుందయ్యా!" అని బల్ల మీద చరిచాడు మైకు. "నేను ఆ బోల్టు బిగిస్తున్నా, ఏనుగుకి తుమ్మొచ్చింది. లోడు లారీ దభేల్మని కింద పడింది. పడ్డ దెబ్బకి హౌసింగు చుట్టూ ఉన్న బోల్టులు ఒకదాని వెనక ఒకటి మరలు తెగి రాలిపోవడం మొదలెట్టాయి. బ్రేకు కూడా పట్టేసుకోవాల్సింది పోయి వదిలేసింది. లారీ కదిలింది. ఎటు? కిందకి! నేనెక్కడున్నా? లారీ కిందే!"

"అయ్యయ్యో" అంది అత్తగారు, గ్లాసులు కడుగుతూ.

"భయపడకు అత్తయ్యా, నేనున్నాగా. గోనెపట్టా ఒకటి వీపు కింద ఉంది. ఒక చేత్తో ఇరుసు పట్టుకున్నా. లారీ పోతోంది, దాని కింద నేను వెల్లకిలా జారుతూ పోతున్నా. నోట్లో స్పానరు. జేబులో బోల్టులు. ఒక మలుపు తిరిగేలోపు ఒక రంధ్రం కోసి, మర పెట్టి, బోల్టు బిగించాలి. లేకపోతే వచ్చే మలుపులో ఇరుసు ఊడి లోయలో పడుతుంది. ఒక్కో మలుపుకి ఒక్కో బోల్టు! కుడి మలుపులో కుడి బోల్టు, ఎడం మలుపులో ఎడం బోల్టు. పైన డ్రైవరు బిక్కచచ్చి స్టీరింగు వదిలేశాడు. కింద నుంచి నేనే అరిచి చెప్తున్నా, ఇటు తిప్పరా, అటు తిప్పరా అని!"

"నోట్లో స్పానరుందన్నావు?" అన్నాడు తాత.

"ముక్కుతో అరిచా. ఆ కంగారులో దేంతో అరిచానో ఎవడికి గుర్తు? వెనక ఏనుగు కూడా పరిగెత్తుకొస్తోంది, తన తుమ్ము వల్లే జరిగిందని దానికి ఒకటే బాధ. చివరి మలుపు. చివరి బోల్టు. మిగిలిన బలమంతా పెట్టి స్పానరు తిప్పా. తిప్పుతున్నా, తిప్పుతున్నా, ఒకచోటికొచ్చి బోల్టు ఆగిపోయింది. అయినా నేను ఆగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోల్టు తిరగనందిగా, లారీ తిరగడం మొదలెట్టింది! నడిరోడ్డు మీద బొంగరంలా గిరగిరా తిరిగింది. రాళ్ళన్నీ ఎగిరి రెండు పక్కలా వరసగా పడ్డాయి. ఆ రోడ్డుకి పిట్టగోడ కట్టింది గవర్నమెంటు అనుకుంటున్నారు మీరంతా. కాదు. అవి నా లారీ రాళ్ళు!"

ఈసారి మామయ్య కూడా నవ్వాడు. మీసం కింద నవ్వు దాచుకోబోయి దొరికిపోయాడు. మైకు అది చూశాడు. అమ్మయ్య, కొత్త షెడ్డు ఇంచు ఇటు జరిగింది అనుకున్నాడు. ఊపు ఆపుకోలేకపోయాడు.

"తర్వాత లారీ చేసిన కంపెనీ వాళ్ళు వచ్చారు. పెద్ద పెద్ద ఇంజినీర్లు. ఈ బోల్టులు ఊడదీసి చూస్తామన్నారు. చూడండి అన్నా. నలుగురు వేలాడారు, కదల్లేదు. క్రేను తెప్పించారు. క్రేను స్పానరుని పట్టుకుని పైకి లాగింది. బోల్టు రాలేదు, క్రేనే గాల్లోకి లేచింది! అప్పుడా పెద్ద ఇంజినీరు నా చేతులు రెండూ పట్టుకుని, బాబూ, మా ఫ్యాక్టరీలో కూడా ఇలాంటి మర పడదు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"అంత గట్టి లారీ ఇప్పుడెక్కడుంది బాబూ?" అంది అత్తగారు. ఆవిడ మామూలుగానే అడిగింది.

"తిరుగుతూనే ఉంది అత్తయ్యా. భూమ్మీద రోడ్లున్నంత కాలం తిరుగుతుంది."

అక్కడితో దణ్ణం పెట్టి లేచిపోతే సరిపోయేది. కథ అయిపోయింది, అందరూ నవ్వారు, మామయ్య మీసం కదిలింది. కానీ డ్రైవరు లేచి, జేబులు తడుముకుంటూ, చిన్నల్లుడి దగ్గరికెళ్ళి, వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"కథలకేంలే గానీ చిన్న మేస్త్రీ, నిజంగా నా లారీని నిలబెట్టింది మాత్రం నువ్వు" అన్నాడు.

"అవునవును" అన్నాడు మామయ్య. నవ్వు పోయి మొహం మామూలుగా అయింది. "అందుకే నేననుకునేది ఏమిటంటే, కొత్త షెడ్డుకి..."

ఆ మాట పూర్తయ్యేదాకా మైకు ఆగలేకపోయాడు. ఇంతసేపూ లారీ కింద జారింది తను, ఏనుగుని ఒప్పించింది తను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఇంజినీరు. డ్రైవరు చేతులు పట్టుకున్నది మాత్రం స్టూలు మీద కూర్చుని గోళ్ళు గీక్కున్నవాడివి. అసూయ అంటే కడుపులో మంట అంటారు గానీ, మైకుకి అది నాలుక మీదకే వచ్చింది.

"ఈ లారీనా?" అని కేకపెట్టి లేచి నిలబడ్డాడు. "ఈ లారీని నిలబెట్టింది వీడా? ఏమయ్యా డ్రైవరూ, ఇందాకట్నుంచీ నేను చెప్తున్న లారీ ఏదనుకుంటున్నావు? ఇదే! ఈ ఎర్ర లారీయే! పెద్దవాణ్ణి, పైకి చెప్పుకోకూడదని ఊరుకున్నా. మావాడు వేసింది ఒక్క బోల్టు. చుట్టూ మిగతావన్నీ ఎవరివనుకున్నావు? అన్నీ నావే! దీని ఇరుసు మీద పడ్డ ప్రతి చెయ్యీ నాదే!"

ఎవరూ నవ్వలేదు. చిన్నల్లుడు మాత్రం కాసేపు ఆలోచించాడు. అలవాటు ప్రకారం బాగా ఆలోచించాడు. తర్వాత ఎంతో మర్యాదగా, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అన్నయ్యా, మరి పొద్దున అడిగితే ఈ లారీ మొహం ఎప్పుడూ చూళ్ళేదన్నావుగా?"

మైకు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ బడ్డీ దగ్గర కూర్చునేవాళ్ళు అదే మొదటిసారి చూడటం. తాత ముందు డ్రైవరు వైపు చూశాడు, తర్వాత మామయ్య వైపు చూశాడు. రాగి తీగా, బంకా ఎవరివో పసిపిల్లాడికి కూడా తెలిసిపోయింది.

"తీగ చుట్టింది నువ్వా మేస్త్రీ?" అన్నాడు డ్రైవరు. గొంతులో మర్యాద సగం పోయింది. సగం ఉండటం కూడా అత్తగారి మొహం చూసి.

"అది... ఆ ఒక్కటే" అన్నాడు మైకు.

"ఒక్కటేనా? అన్నీ నీవేనని ఇప్పుడేగా చెప్పావు!"

"అదంతా ఉత్తినే చెప్పానయ్యా! మిగతావి నేను ముట్టుకోలేదు."

"నేన్నమ్మను" అన్నాడు డ్రైవరు. "నేను లోడేసుకుని పోవాలి. దారిలో ఇరుసు ఊడితే నన్ను పట్టుకోవడానికి ఏ ఏనుగూ రాదు. విప్పాలి. అన్నీ విప్పి చూపించాల్సిందే."

"ఒట్టు! ఏనుగూ లేదు, మలుపూ లేదు, ఇంజినీరూ లేడు. అంతా అబద్ధం, నన్ను నమ్మండి!" అని మైకు బతిమాలుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని అబద్ధాలు చెప్పినా తలూపుతూ విన్నవాళ్ళు, ఈ ఒక్క నిజానికి మాత్రం ససేమిరా అన్నారు. తాత అయితే, "నాకు ముందునుంచీ ఆ ఏనుగు మీద నమ్మకమే" అన్నాడు.

మామయ్య గ్లాసు పక్కన పెట్టాడు. లేచి, షెడ్డులోంచి పెద్ద స్పానరు తెచ్చి మైకు చేతిలో పెట్టాడు.

రోడ్డు వారనే, అందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా, మైకు లారీ కిందకి దూరాడు. చిన్నల్లుడు పక్కనే బోర్లా పడుకుని లైటు పట్టుకున్నాడు. ఒక్కో బోల్టూ విప్పడం, మామయ్యకి అందించడం, ఆయన మర మీద గోరు పెట్టి చూడటం, రంధ్రంలో వేలు పెట్టి చూడటం, మళ్ళీ బిగించమనడం. బోల్టులు రాయిలా బిగిసి ఉన్నాయి. ఒక్కోటి కదిలించడానికి మైకుకి తాతలు దిగొచ్చారు, చేతులు బొబ్బలెక్కాయి, కళ్ళలో నూనె పడింది. చిన్నల్లుడు, "నేను తిప్పనా అన్నయ్యా?" అన్నాడు మెల్లగా. ఆ జాలి భరించలేక మైకు ఇంకా గట్టిగా తిప్పాడు.

చివరిది బిగించాక, ఇద్దరూ పాక్కుంటూ బయటికొచ్చారు. డ్రైవరు తృప్తిపడి లారీ ఎక్కాడు. మామయ్య చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. అంతా ఆయన మొహమే చూస్తున్నారు.

"పెద్దల్లుడూ, నువ్వు చెయ్యి పెట్టని బోల్టులన్నీ కంపెనీ వాళ్ళు బిగించింది బిగించినట్టే ఉన్నాయి" అన్నాడు. "కొత్త షెడ్డు కూడా అలాగే ఉండనీ."

తాత నవ్వు అందుకున్నాడు, డ్రైవరు పైనుంచి నవ్వాడు, బడ్డీలోంచి అత్తగారి నవ్వు కూడా వినిపించింది. నవ్వకుండా ఉన్నది చిన్నల్లుడొక్కడే. అందుకు కూడా వాడంటే మైకుకి ఒళ్ళు మండిపోయింది.